బుడ్డలు లేని పండగ

పై వాటా అద్దెకు చూసుకోవడానికి వచ్చేవాళ్లు మామూలుగా నీళ్లు ఏ పూట వదులుతారు, కరెంటు మీటరు వేరేనా కాదా అని అడుగుతారు. జెస్సీ అవేవీ అడగలేదు. మెట్లు ఎక్కకముందే పక్కింటి వాకిలి వైపు చూసి, "ఆంటీ, ఈ వీధిలో బుడ్డలు ఆరబోస్తారా?" అంది.

నాకు నవ్వొచ్చింది. వేరుశనగ కాయల్ని మా వైపు బుడ్డలంటాం. దసరా వెళ్లి దీపావళి దగ్గర పడుతున్న రోజులు. ఆ నెలలో ఆళ్లగడ్డలో బుడ్డలు ఆరబోయని వీధి ఉంటుందా? మా ఇంటి ముందు నుంచి మలుపు దాకా పట్టలు పరిచి ఉన్నాయి. పచ్చికాయల మట్టివాసన వంటింట్లోకి కూడా వస్తోంది.

"ఆరబోస్తారమ్మా. ఏం, కావాల్నా నీకు?"

"వద్దాంటీ. మా పాపకు పడవు."

ఆమె చెయ్యి పట్టుకుని ఆరేళ్ల పిల్ల నిలబడి ఉంది. పేరు ఏంజెల్. ఆ పిల్ల తండ్రి అజయ్ కుమార్‌కు నంద్యాల నుంచి ఇక్కడి కరెంటాఫీసుకు బదిలీ అయింది. మా చర్చికే వస్తారు, మర్యాదస్తులు. పడకపోవడమంటే ఏ వేడో, పైత్యమో అనుకున్నాను. తాళాలు ఇచ్చేశాను.

పక్కిల్లు అంకమ్మక్కది. ఆమె భర్త చెన్నకేశవులన్నకు ఊరి బయట చేను ఉంది. ఆ ఇంట్లో దీపావళికి మేం, మా ఇంట్లో క్రిస్మస్‌కు వాళ్లు తినడం నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. నా భర్త రాజరత్నం శిల్పాల షెడ్డులో విగ్రహాలకు నునుపు పెట్టే పని చేస్తాడు. ఆదివారం చర్చికి పోయే మనిషి, మిగతా రోజులు దేవుళ్ల చెంపలు నున్నగా రుద్దుతాడు. ఆ రెంటికీ మా ఇంట్లో ఎప్పుడూ తగాదా రాలేదు.

ఏంజెల్ పదిరోజుల్లోనే నన్ను అవ్వా అనడం మొదలుపెట్టింది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి మెట్ల మీద పడేసి నా వెనకే తిరిగేది. ఏది పెట్టినా ముందు వాసన చూసేది. చూసి, "దీంట్లో బుడ్డలుండాయా అవ్వా?" అని అడిగేది. లేవంటే కూడా తినేది కాదు. మేడమీదికి పోయి వాళ్లమ్మను అడిగి వచ్చి తినేది. అంత చిన్నపిల్లకు అంత జాగ్రత్త ఎవరు నేర్పారా అనిపించేది నాకు.

డిసెంబరు వచ్చింది. చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతున్నారు. సాయంత్రమైతే వీధిలోని పిల్లలంతా కేకలేసుకుంటూ పోతున్నారు. ఏంజెల్ మాత్రం కదలలేదు.

"పోవా పాపా?" అన్నాను.

"నేను పోను. పండగ నాకు కాదు."

ఆ మాట పట్టుకుని వంటింటి గడప మీద కూర్చున్న జెస్సీని అడిగాను. నేను బియ్యం కడుగుతున్నాను.

"పోయిన క్రిస్మస్‌కు నంద్యాలలో పిల్లలందరినీ బంతిగా కూర్చోబెట్టి భోజనాలు పెట్టినారాంటీ. మా పాపకు ఏమన్నా అయితాదేమోనని దీన్నొక్కదాన్నే పక్క గదిలో కూర్చోబెట్టినారు. ఇంటి నుంచి నేను తెచ్చిన టిఫిన్ డబ్బా ఇచ్చి తలుపు దగ్గరికేసినారు. వాళ్లది చెడ్డ బుద్ధి కాదు. భయం. కానీ తప్పు చేసిన పిల్లను కూర్చోబెట్టినట్ల ఉండె. కిటికీలో నుంచి బంతిని చూసుకుంటా తినింది. ఆ పొద్దు నుంచి పండగంటే ఇట్లనే అంటాది."

"అంత భయమేందమ్మా? తింటే ఏమైతాది?"

"మూడేండ్లప్పుడు ఒకసారి తినింది. ఎవరింట్లోనో కజ్జికాయ. అందులో బుడ్డల పొడి. కొంచేపటికే పెదాలు ఉబ్బినాయి. ఒళ్లంతా దద్దుర్లు. కక్కుకునింది. ఆ తర్వాత రొమ్ములో పిల్లి కూతలు మొదలైనాయి. ఊపిరి లోపలికి పోదు, బయటికి రాదు. గోర్లు నీలమైపోయినాయాంటీ. ఆస్పత్రి మా వీధిలోనే ఉండబట్టి సరిపాయె. తొడకు సూది వేసినారు. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు."

బియ్యంలో నా చేతులు అట్లాగే ఉండిపోయాయి. నీళ్లు ఎప్పుడో తేరుకున్నాయి.

"అంతకుముందు," అన్నాను, "అంతకుముందు ఎప్పుడన్నా చట్నీ అట్ల నోట్లో పెడితే, నాలిక గీరుతాదని ఉమ్మేసేదా?"

జెస్సీ నా వైపు తిరిగింది. "అవునాంటీ. మీకెట్ల తెలుసు?"

"ఊరికే అడిగినాలే," అని బియ్యం పొయ్యి మీదికి ఎక్కించాను.

మాకు ఒక కొడుకు ఉండేవాడు. జీవన్. ఐదో ఏడు నడుస్తుండగా పోయాడు. ఉండుంటే ఈపాటికి కాలేజీలో ఉండేవాడు. చలికాలం వస్తే వాడికి ఆయాసం. తిండి దగ్గర గునుపు. బుడ్డల చట్నీ పెడితే నాలిక గీరుతాదని ఏడ్చేవాడు. అది పెంకితనమనుకున్నాం.

వాడు పోయింది క్రిస్మస్ ముందు రోజు. ఆడవాళ్లమంతా చర్చి కడగడానికి పోయాం. జీవన్‌ను అంకమ్మక్క దగ్గర వదిలిపెట్టాను. ఆమె మా పండగకని బుడ్డలు వేయించి బెల్లం పాకంలో ఉండలు చుడుతోంది. నేను తిరిగొచ్చేసరికి వాడి ముఖం గుర్తుపట్టలేనంతగా ఉబ్బి ఉంది. ఒళ్లంతా దద్దుర్లు. జీపు మాట్లాడుకుని నంద్యాలకు బయల్దేరాం. శిరివెళ్ల దాటకముందే నా ఒడిలో వాడి మెడ వాలిపోయింది.

ఆ దద్దుర్లు చూసి అందరూ ఏదో పురుగు ముట్టిందన్నారు. అంకమ్మక్క వాళ్ల దొడ్డిలో గడ్డివామి ఉండేది. జీవన్ పొద్దంతా దాని పక్కనే ఆడుకున్నాడు. జెర్రి అన్నారు కొందరు, మండ్రగబ్బ అన్నారు కొందరు. మేం వాణ్ని మన్ను చేసి వచ్చిన సాయంత్రమే చెన్నకేశవులన్న ఆ వామికి నిప్పు పెట్టాడు. ఎద్దులకు ఏడాది మేత అది. కాలిపోతున్నంతసేపూ కర్రతో నేల బాదుతూ నిలబడ్డాడు, పురుగు బయటికి వస్తే చంపుదామని. ఏ పురుగూ రాలేదు.

ఆ మరుసటి క్రిస్మస్‌కు అంకమ్మక్క ఒక డబ్బా నిండా బుడ్డల ఉండలు చేసి, చర్చి పిల్లలకు పంచమని తెచ్చి ఇచ్చింది. "మా జీవన్ పేరు మీద," అంది. అప్పటి నుంచి ఏ యేడూ ఆపలేదు.

ఆ సాయంత్రం రాజరత్నం పనినుంచి వచ్చి తొట్టి దగ్గర చేతుల రాతిపొడి కడుక్కుంటుంటే పక్కన నిలబడి అంతా చెప్పాను. ఆయన కడుక్కోవడం ఆపాడు. "ఆ పొద్దు ఉండ తిన్నాడా వాడు?" అన్నాడు.

"తెలీదు. అడగలే. అప్పుడు ఎవరడిగినారు?"

ఆయన మళ్లీ చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. ఇంకేం లేకపోయినా రుద్దుతూనే ఉన్నాడు.

"అంకమ్మకు చెప్పొద్దు," అన్నాడు. "ఆయమ్మ తట్టుకోలేదు."

"మరి ఈ యేటి ఉండలు?"

"ఇంకేదన్నా చెయ్యమను. ఎందుకో చెప్పొద్దు."

ఏంజెల్‌ను మళ్లీ పక్క గదిలో కూర్చోబెట్టనివ్వకూడదని నేను గట్టిగా అనుకున్నాను. చర్చి స్త్రీల సమాజం కూటంలో లేచి, ఈసారి పండగ వంటలో ఎక్కడా బుడ్డలు తగలకూడదన్నాను. పెద్దావిడ పరంజ్యోతమ్మ కళ్లద్దాలు తీసి నా వైపు చూసింది.

"వంకాయ కూరలో బుడ్డల పొడి లేకుంటే యాడి రుచి ప్రేమకుమారీ? ఒక్క పాప కోసం ఇంతమంది నోరు కట్టుకోవాల్నా?"

నా నోటిదాకా వచ్చిన జవాబు వేరే. అది అక్కడ అంటే తెల్లారేసరికి అంకమ్మక్క చెవిన పడుతుంది. మింగేశాను.

"కట్టుకోవాల్సిందే," అన్నాను. "వంట నేనే చేస్తా. రుచి లేకుంటే నన్ను తిట్టండి."

జెస్సీ రోజూ ఒక కొత్త సంగతి చెప్పేది. నూనె సన్‌ఫ్లవరుది వాడాలి. చర్చి పాత మూకుళ్లు వద్దు, కొత్తవి కావాలి. బొరుగుల ఉండలు చేద్దామంటే, "బొరుగులు వేయించే బట్టీలోనే బుడ్డలూ వేయిస్తారాంటీ" అంది. చివరికి కొబ్బరి ఉండలు ఖాయమయ్యాయి. ఇక మిగిలింది అంకమ్మక్కకు చెప్పడం.

నేను పోయేసరికి ఆమె వసారాలో చాప మీద కూర్చుని బుడ్డలు వొలుస్తోంది. చాట నిండా ఎర్రటి విత్తనాలు.

"దా ప్రేమా. ఈ యేడు కాయ బాగా గట్టిగా ఉండాది. ఉండలు కరకరలాడతాయి."

"అక్కా, ఈసారి కొబ్బరివి చేద్దామనుకుంటాండాం."

"కొబ్బరివి చేసుకోండి. నావి నావే."

"బుడ్డలు వద్దనుకున్నాం. మా పైనింటి పాపకు పడవంట."

"పడవా? బుడ్డలు పడకపోయేదేందే! కొంచెం కొంచెం తినిపిస్తే అదే అలవాటయితాది. మన పిల్లోల్లు పెరగలేదా?"

అంతలో వాకిలి బయట నుంచి ఏంజెల్ పిలిచింది. బుడ్డలున్న ఇంట్లోకి అడుగుపెట్టకూడదని ఆ పిల్లకు తెలుసు. గేటు అవతలే నిలబడింది.

"అవ్వా, అమ్మ రమ్మంటాంది."

అంకమ్మక్క చాట పక్కన పెట్టి నవ్వింది. "ఏం పాపా, బుడ్డలు తింటే ఏమైతాది నీకు?"

ఎవరడిగినా చెప్పడానికి వాళ్లమ్మ నేర్పిన మాటలే, బైబిలు వాక్యం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని చెప్పింది ఏంజెల్. "నాలిక గీరుతాది. పెదాలు ఉబ్బుతాయి. ఒంటి మీద పురుగు కుట్టినట్ల దద్దుర్లొస్తాయి. ఊపిరాడదు. నన్ను బేగా ఆస్పత్రికి తీస్కపోవాల."

చెప్పేసి మా ఇంటి మెట్లెక్కి వెళ్లిపోయింది.

అంకమ్మక్క నవ్వు ముఖం మీద అట్లాగే ఉంది. అది పోవడానికి చాలాసేపు పట్టింది. చేతిలో సగం వొలిచిన కాయ ఉంది. దాన్ని చూసింది. నన్ను చూసింది.

"నీకు తెలుసునా ప్రేమా?"

"మొన్ననే తెలిసింది అక్కా."

ఆమె ఆ కాయను చాటలో పడేసింది. లేచి, ఒళ్లో పొట్టు దులుపుకుని, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆమె కొలిమిగుండ్ల బస్సెక్కింది. కూతురు వాణి అక్కడ కాపురం ఉంటుంది. వాణికి లేకలేక పుట్టిన కొడుక్కి నాలుగో నెల. పోవడం మామూలే, కానీ చెప్పకుండా పోవడం ఎన్నడూ లేదు. మూడు నాలుగు రోజులకు చెన్నకేశవులన్న మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏం జరిగిందమ్మా మీ ఇద్దరికీ? ఆడ అన్నం ముట్టడంలేదంట. పసిబిడ్డను ఎత్తుకోమంటే ఎత్తుకోదంట. వాణి ఫోన్ చేసి ఏడుస్తాంది."

ఆయనకు అబద్ధం చెప్పలేకపోయాను. నిలబడే విన్నాడు. విని, ఒకప్పుడు వామి ఉన్న చోటు వైపు చూసి, తల మీద తుండు తీసి ముఖం కప్పుకున్నాడు.

మరుసటి రోజు నేను బస్సెక్కాను. బెలుం గుహలు చూడబోయే కాలేజీ పిల్లలతో బస్సు కిక్కిరిసి ఉంది. ఒకటే నవ్వులు, పాటలు. వాళ్లలో జీవన్ ఈడు వాళ్లు ఉన్నారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

అంకమ్మక్క వాణి ఇంటి వెనక బట్టలుతికే బండ మీద కూర్చుని ఉంది. వారంలోపే మనిషి సగమైంది. నేను పక్కన కూర్చుంటే జరగలేదు, ముఖం తిప్పలేదు.

"నేనే పెట్టినా ప్రేమా," అంది. "ఒకటి చుట్టి వాని నోటికాడ పెడితి. వద్దు పెద్దమ్మా, నాలిక గీరుతాది అన్నాడు. బెల్లం తీపిరా తిను, అన్నా. బుగ్గలు పట్టి నోట్లో పెడితి. వాడు నా ముఖం చూసుకుంటా నమిలినాడు. ఇన్నేండ్లూ పురుగనుకుంటి. ఆ పురుగు నేనే."

"అట్ల అనొద్దు అక్కా. నీకు తెలుసునా? నాకు తెలుసునా? నాతోనూ అదే మాట చెప్పేటోడు. నేనూ వేలితో చట్నీ నాకించినదాన్నే."

"నువ్వు తల్లివి."

"నువ్వు కాదా?"

ఆ మాటకు ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఆ మీదట యేటేటా అవే ఉండలు," అంది. "వాడి పేరు చెప్పి ఊరి పిల్లోల్లందరికీ పంచితి. ఇంకెవురికన్నా ఏమన్నా అయ్యుంటే?"

"కాలే. ఎవురికీ కాలే."

"పండగకు రమ్మంటావేమో. నేను రాను. ఆ పాప ముఖం చూడలేను."

రమ్మని నేను బలవంతం చేయలేదు. నాకూ లోపల ఒక మూల మండుతూనే ఉంది, అది ఆమె మీద కాదని నాకు నేనే చెప్పుకుంటూ ఇంటికి వచ్చాను. కొన్ని రాత్రులు ఆ మాట నమ్మాను, కొన్ని రాత్రులు నమ్మలేదు.

క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో పిల్లల్ని బంతిగా కూర్చోబెట్టారు. ఏంజెల్ గులాబీరంగు గౌనులో వాళ్లమ్మ పక్కన నిలబడి, ఎప్పుడు పక్క గదికి పొమ్మంటారా అని ఎదురుచూస్తోంది. నేను పోయి చెయ్యి పట్టుకుని బంతి నడుమ కూర్చోబెట్టాను. అందరికీ వేసిన విస్తరే వేశాను. అదే అన్నం, అదే కోడికూర, అదే వంకాయ.

"ఇది నాకు కూడానా అవ్వా?"

"నీకు కూడా. నేనే వండినా. అమ్మ పొద్దున నుంచి నా పక్కనే ఉండాది."

వాసన చూడలేదు ఆ రోజు. అటూ ఇటూ పిల్లలు తింటుంటే వాళ్లను చూసి తనూ గబగబ తినేసింది. పక్కన కూర్చున్న పిల్ల తన విస్తరిలోని కొబ్బరి ఉండ విరిచి సగం ఏంజెల్ చేతిలో పెట్టింది. పక్కవాళ్ల విస్తరిలోది తినడం ఆ పిల్లకు పుట్టాక అదే మొదలంట. జెస్సీ స్తంభం వెనక్కి పోయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. పరంజ్యోతమ్మ రెండోసారి వంకాయ కూర వేయించుకుని, "ఉప్పు తక్కువైంది" అంది.

వడ్డన ముగిశాక చూస్తే గేటు దగ్గర చెన్నకేశవులన్న ఉన్నాడు. తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"పొద్దున చేనుకు పోయినానమ్మా. స్నానం చేసినా గానీ, యాడన్నా పొట్టు అంటుకునుంటాదేమో." గేటు బయట నుంచే పిల్లల వైపు చూశాడు. "పాప తినిందా?"

"తినింది అన్నా."

"బాగుందా?"

"ఆడుకుంటాంది చూడు."

చాలాసేపు చూశాడు. "ఆమెకు ఫోన్ చేసి చెప్తా. అడగమనింది," అని వెళ్లిపోయాడు.

ఫిబ్రవరిలో వాణి నుంచి కబురొచ్చింది, బిడ్డకు అన్నప్రాసన, తప్పకుండా రావాలని. రాజరత్నం, నేను పోయాం. ఇల్లంతా చుట్టాలు. మంచి గడియ దగ్గర పడింది. వెండిగిన్నెలో పరమాన్నం పీట మీద పెట్టారు. మొదటి ముద్ద అమ్మమ్మ చేత పెట్టించాలన్నారు. ఎక్కడుందా అని చూస్తే అంకమ్మక్క వంటింటి తలుపు వెనక నిలబడి ఉంది, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని.

"నేను పెట్టను," అంది. "ప్రేమ పెడతాది."

వాణి అత్తగారు ముఖం చిట్లించింది. "ఇంటి పెద్ద నువ్వుండగా పక్కింటామె ఎందుకు? అదీ చర్చికి పోయే మనిషి..."

"ఆమె పెడితేనే నా మనమడు తింటాడు. లేకుంటే ఈ పొద్దు వద్దు," అంది అంకమ్మక్క. ఆ గొంతు విని వాణి అత్తగారు పక్కకు జరిగి దారి ఇచ్చింది.

రాజరత్నం నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాడు. పీట దగ్గర కూర్చున్నాను. బిడ్డ వాణి ఒళ్లో బోసినోటితో నవ్వుతున్నాడు. వేలి కొసకు అంటినంత పరమాన్నం తీసుకుని వాడి నాలిక మీద రాశాను. చప్పరించాడు. ముఖం అదోలా పెట్టి, మళ్లీ నోరు తెరిచాడు. అందరూ నవ్వారు. అక్షింతలు వేసి, ఆకులు వేయమని కేకలు పెడుతూ భోజనాల వైపు కదిలారు.

అంకమ్మక్క అప్పుడు వచ్చి నా పక్కన కూర్చుంది. బిడ్డను ముట్టుకోలేదు. వాడి పెదాల వైపే చూస్తోంది. నేనూ అదే చూస్తున్నాను.

"ఇంకొంచేపు చూద్దాం ప్రేమా," అంది.

"చూద్దాం అక్కా."

వాణి మమ్మల్ని వింతగా చూసింది. అవతల భోజనాలకు మమ్మల్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. మేం లేవలేదు. బిడ్డ ఉమ్ము బుడగలు చేసుకుంటూ, నిద్ర ముంచుకొచ్చి కళ్లు మూసేదాకా అట్లాగే కూర్చున్నాం. మూశాక కూడా, వాడి రొమ్ము లేచి పడుతోందా లేదా అని ఇద్దరం వంగి చూశాం.